కానరాని నేలకు దారి చూపిన ఆల్వరెజ్

ఆకాశమున కెగురుట కంటె నేలకు దిగుటయే కష్టమని విమానము నడుపువారందరు నెరుగుదురు. ఎగిరిన విమానమునకు పైన కావలసినంత చోటు కలదు. దిగు విమానమునకో, కొన్ని గజముల వెడల్పు గల బాట యొక్కటే కలదు. ఆ బాట కొనను తగిన ఎత్తున, తగిన వేగముతో, తగిన దిక్కున చేరవలెను. ఆకాశము నిర్మలముగ నున్నపుడు కన్నులే ఆ పని చక్కబెట్టును. పొగమంచు క్రమ్మినపుడు గాని, మబ్బులు నేలను తాకునంతగా వ్రాలినపుడు గాని కన్ను పనికిరాదు. ఎత్తును తెలుపు యంత్రమును, దిక్కును తెలుపు యంత్రమును పైలటు ముందున్నను, రన్‌వే తన కెంత దూరమున, ఏ ప్రక్కగా నున్నదో అవి చెప్పజాలవు. ఇట్టి వేళల దిగబోయి కొండలను, చెట్లను తాకి నశించిన విమానములు పెక్కులు.

ఆ యాపదకు గొప్ప విరుగుడు నొకదానిని కనుగొన్నవాడు విమానముల కంపెనీ వాడు కాడు, సేనాధిపతి కాడు. ఆయన పరమాణువుల లోతులు చూచుట కలవాటుపడిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన పేరు లూయీ వాల్టర్ ఆల్వరెజ్.

ఆల్వరెజ్ 1911వ సంవత్సరము జూన్ 13వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. వారిది వైద్యుల కుటుంబము. తాత స్పెయిను దేశమున పుట్టి, హవాయి దీవులలో వైద్యము చేసి, కుష్ఠురోగమును గుర్తించు పద్ధతులలో పేరుగాంచెను. తండ్రి వాల్టర్ ఆల్వరెజ్ వైద్యుడే గాక, పత్రికలలో ఆరోగ్యవ్యాసములు వ్రాసి లక్షలాది పాఠకులకు పరిచితుడయ్యెను. మేనత్త మేబెల్ ఆల్వరెజ్ కాలిఫోర్నియాలో పేరొందిన చిత్రకారిణి. తల్లి తలిదండ్రులు చీనాలో క్రైస్తవ మిషనరీలుగ పనిచేసినవారు. 1926లో తండ్రికి మినెసోటా రాష్ట్రమందలి సుప్రసిద్ధమైన మేయో వైద్యాలయమున ఉద్యోగము లభింపగా, కుటుంబ మచ్చటికి తరలెను. తాత తండ్రుల వృత్తి ఆ బాలు నాకర్షింపలేదు. అతని మనస్సు యంత్రములపైకి పోయినది.

షికాగో విశ్వవిద్యాలయమున చేరిన ఆల్వరెజ్ 1932లో పట్టమును, 1936లో డాక్టరేటును పొందెను. అచ్చట ఆయనకు గురువు నోబెల్ బహుమాన గ్రహీత ఆర్థర్ కాంప్టన్. గురువుగారి ప్రోత్సాహముతో విద్యార్థి దశలోనే విశ్వకిరణములను పరిశీలించు యంత్రమును నిర్మించి, మెక్సికో నగరమునకు గొనిపోయి, ఆ కిరణములు తూర్పు నుండి కంటె పడమటి నుండి ఎక్కువగా వచ్చుచున్నవని కనుగొనెను. ఆ రోజులలోనే ఆయన విమానము నడుపుటయు నేర్చెను. నేర్పువాని ప్రక్కన కూర్చుండి కొద్దిగంటలు మాత్రమే ఎగిరి, పిమ్మట ఒంటరిగా గగనమున కెక్కెను. ఆ వ్యసనము ఆయనను అర్ధశతాబ్దము విడువలేదు. ఉత్తరకాలమున ఆయన చేసిన పనికి మూలము ఇచ్చటనే యున్నది. దిగునపుడు పైలటు గుండె ఎట్లు కొట్టుకొనునో ఆయన పుస్తకములు చదివి తెలిసికొన్నవాడు కాడు.

1936లో ఆల్వరెజ్ బర్క్‌లీకి పోయి ఎర్నెస్టు లారెన్సు ప్రయోగశాలలో చేరెను. పరమాణు కేంద్రము తన చుట్టు తిరుగు ఎలక్ట్రానును తానే మ్రింగివేయునని సిద్ధాంతకర్తలు చెప్పిన దానిని 1937లో ప్రయోగముచే నిరూపించెను. 1939లో రాబర్టు కార్నోగ్‌తో కలిసి, ట్రిటియము రేడియోధార్మిక పదార్థమని తేల్చెను. ఇంతలో యూరపున యుద్ధము రగిలెను. 1940 శరత్కాలమున బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మాగ్నెట్రాను అను చిన్నగొట్టమును రహస్యముగ అమెరికాకు తెచ్చిరి. సెంటీమీటర్ల పొడవుగల రేడియో తరంగములను అది మహాశక్తితో పుట్టింపగలదు. తరంగము పొట్టిదైనకొలది రాడారు చూపు వాడియగును. ఆ గొట్టమును ఆధారముగ గొని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒక ప్రయోగశాల వెలసెను. ఆ సంవత్సరము నవంబరులో ఆల్వరెజ్ అందులో చేరెను.

1941లో అచ్చట విమానములను కూల్చు ఫిరంగుల కొరకు ఒక రాడారు సిద్ధమగుచుండెను. అది ఆకాశమున పోవు విమానమును పట్టుకొని, మానవుని చేయి తగులకుండ దాని వెంట తానే తిరుగుచుండెను. చూచినవారందరు శత్రువిమానమును కూల్చుట ఇక సులభమని సంతసించిరి. ఆల్వరెజ్‌కు మాత్రము మరియొక తలపు పుట్టెను. కూల్చుటకై విమానమెచ్చట నున్నదో ఇంత కచ్చితముగ తెలియుచున్నప్పుడు, ఆ తెలివినే దానిని క్షేమముగ దింపుట కేల వాడరాదు? నేలపై నున్నవానికి విమాన మగపడుచున్నది. విమానములోని వానికి నేల అగపడుటలేదు. కనబడువాడు కనబడనివానికి రేడియోలో చెప్పిన చాలదా?

కురుక్షేత్రమున జరుగుచున్నదానిని దివ్యదృష్టితో చూచి సంజయుడు అంధుడైన ధృతరాష్ట్రునకు చెప్పిన కథ మనకు తెలిసినదే. ఆల్వరెజ్ తలపెట్టినదియు అట్టిదే. భేద మొక్కటి కలదు. ధృతరాష్ట్రుడు వినుట తప్ప చేయగలిగిన దేమియు లేదు. పైలటు విన్న మరుక్షణమున చేయవలెను. చెప్పువాడు తప్పినచో వినువాడు బ్రదుకడు.

ఈ పద్ధతిలోని సుగుణము వెంటనే గ్రహింపదగినది. విమానములో క్రొత్త యంత్రము నేదియు అమర్చనక్కరలేదు. ప్రతి విమానమునను రేడియో ఉండనే యున్నది. భారమంతయు నేలపై నున్నవారిది. అయినను, పరుని మాట విని పైలటు గ్రుడ్డిగా దిగునా యను సందేహము కలిగినది. రాడారు ప్రయోగింపక పూర్వమే ఆల్వరెజ్ బృందము ఈ సంగతిని పరీక్షించెను. నేలపై నిలిపిన దుర్భిణులతో విమానమును చూచుచు, కన్నులకు తెర కట్టబడిన పైలటునకు దారి చెప్పిరి. అతడు చెప్పినట్లే దిగివచ్చెను. మాట సరిపోవునని తేలినది.

ఇక రాడారే సరిపోలేదు. 1942లో ఫిరంగి రాడారుతో ప్రయత్నించినపుడు, విమానము ఎత్తున నున్నంతవరకు అంతయు బాగుగనే యుండెను. అది నేలకు సమీపించుసరికి రాడారు తబ్బిబ్బు పడెను. తరంగములు కొన్ని విమానమును నేరుగా తాకి మరలును. కొన్ని నేలను తాకి, ఎగసి, విమానమును చేరి మరలును. అద్దమువలె నేల తనలో రెండవ విమానమును చూపును. ఏది నిజమో, ఏది నీడయో తెలియక రాడారు ఒకమారు దీనిని, ఒకమారు దానిని పట్టుకొనుచుండెను. నీడను నమ్మి చెప్పిన మాట పైలటును నేరుగా మృత్యుముఖమునకు పంపును. ప్రాణములను కాపాడవలసిన యంత్రము సరిగా ప్రాణాపాయస్థలముననే మోసము చేయుచున్నది.

ఆల్వరెజ్ నిరుత్సాహము చెందెను. అప్పు డాయనకు అండగా నిలిచినవాడు ఆల్‌ఫ్రెడ్ లూమిస్. లూమిస్ బ్యాంకు వ్యాపారమున కోట్లు గడించి, ఆ ధనముతో తన స్వంత ప్రయోగశాల నిర్మించుకొని శాస్త్రజ్ఞుడైన విచిత్ర పురుషుడు. పైలటులకు అక్కరకు వచ్చు పద్ధతి ఇది యొక్కటియే యని ఆయన దృఢముగ నమ్మెను. బోస్టన్ నగరమున ఒకనాటి రాత్రి భోజనమునకు పిలిచి, దారి తోచువరకు లేవరాదని పట్టుపట్టెను. తెల్లవారులోపల క్రొత్త పథకము పుట్టెను.

ఫిరంగి రాడారు కిరణము గుండ్రని టార్చిలైటు వెలుగువంటిది. దాని అంచు నేలను తాకక తప్పదు. ఆల్వరెజ్ దానిని విడిచి రెండు విసనకఱ్ఱల వంటి కిరణములను కల్పించెను. ఒకటి నిలువుగా పలుచనై, కుడియెడమల కదలుచు విమానము రన్‌వే గీతకు ఏ ప్రక్కనున్నదో చెప్పును. రెండవది అడ్డముగా పలుచనై, క్రిందుమీదుల కదలుచు విమానము దిగవలసిన వాలుకు పైన నున్నదో, క్రింద నున్నదో చెప్పును. ఈ కిరణము మిక్కిలి పలుచనిది గనుక నిజమైన విమానమును, నేలలోని నీడను వేరుపరచి చూపగలదు. తరంగముల పొడవు 3 సెంటీమీటర్లు. వీనికి తోడుగా చుట్టును కలయజూచు 10 సెంటీమీటర్ల తరంగముల రాడారు మరియొకటి. దూరమునుండి వచ్చు విమానమును ఇది రన్‌వే యెదుటికి తెచ్చి ఒప్పగించును. మిగిలిన కొన్ని మైళ్ళు సూక్ష్మరాడారు చూచుకొనును. రన్‌వే ప్రక్క నిలిపిన బండిలో ఆపరేటర్లు తెరలు చూచుచుందురు. వారిచ్చు లెక్కలను చూచి ఒక కంట్రోలరు పైలటుతో మాటాడుచుండును. దీనికి నేలనుండి నడుపు దిగుబాటు పద్ధతి యని పేరు వచ్చెను. ఆల్వరెజ్ శిష్యుడు లారెన్సు జాన్‌స్టన్ ఈ యంత్రనిర్మాణమున గురువునకు కుడిభుజమై నిలిచెను.

1943 జనవరి 1వ తేదీన రోడ్ ఐలండు రాష్ట్రమున క్వాన్‌సెట్ పాయింటు నౌకాదళ విమానాశ్రయముపై మంచుతుఫాను విరుచుకుపడెను. అప్పటికే దారిలో నున్న నౌకాదళ విమానములు దిగుటకు చోటు కానరాలేదు. క్రొత్త యంత్రమును పరీక్షించుచున్న బృంద మచ్చటనే యుండెను. వారు రేడియోలో దారి చెప్పుచు ఒక విమానమును క్షేమముగ దింపిరి. పరీక్షకొరకు గాక, నిజముగ ఆపదలో నున్నవారి నీ పద్ధతి కాపాడుట అదియే ప్రథమము. ఫిబ్రవరిలో వాషింగ్టనున సైనికాధికారుల యెదుట ప్రదర్శన జరిగెను. వెంటనే యంత్రములకు ఆర్డర్లు వచ్చెను.

అదే సంవత్సరము వేసవిలో ఆ మొదటి యంత్రము ఇంగ్లండునకు ఓడపై ప్రయాణమయ్యెను. జర్మనీపై బాంబులు వేసి అలసివచ్చు విమానములకు స్వదేశపు పొగమంచు మరియొక శత్రువై యుండెను. ఆల్వరెజ్ తానే పోయి, ఎల్‌షమ్ వోల్డ్స్ విమానాశ్రయమున బ్రిటిష్ పైలటులకు ఈ పద్ధతిని చూపించెను. ఆ యంత్రముపై పనిచేయుటకు నియమింపబడిన బ్రిటిష్ వైమానికదళ ఉద్యోగులలో ఆర్థర్ క్లార్క్ అను యువకు డుండెను. అనంతర కాలమున శాస్త్రకల్పనా సాహిత్యమున విఖ్యాతుడైన క్లార్క్ ఇతడే. ఆనాటి అనుభవములను ఆధారముగ గొని ఆయన 1963లో గ్లైడ్ పాత్ అను నవల వ్రాసెను.

ఇంతవరకు ఆల్వరెజ్ చరిత్రలో ప్రాణరక్షణయే కనబడుచున్నది. యుద్ధకాలపు శాస్త్రజ్ఞుని జీవితము అంత సులభమైనది కాదు. ఆ ప్రయోగశాలలోనే ఆయన మబ్బులమీదుగ బాంబులు వేయుటకు పనికివచ్చు రాడారునకును రూపకల్పన చేసెను. 1944లో లాస్ అలమోసునకు పోయి, ప్లుటోనియము బాంబునకు కావలసిన పేలుడు సాధనముల నిర్మాణమున పాల్గొనెను. ప్రక్కన ఆ జాన్‌స్టనే యుండెను. విమానములను దింపుటకు కలిసి శ్రమించిన గురుశిష్యు లిరువురును 1945 ఆగస్టు 6వ తేదీన టినియన్ దీవి నుండి ఒకే విమానమున ఎక్కి, హిరోషిమాపై పేలుడు శక్తిని కొలుచు యంత్రములను జారవిడిచిరి. తిరుగు ప్రయాణమున ఆల్వరెజ్ నాలుగేండ్ల కుమారుడు వాల్టరునకు, పెద్దవాడైన పిమ్మట చదువుకొనుటకై, ఒక లేఖ వ్రాసెను. వేలాది పౌరుల మరణములో తనకును పాలు కలదను వ్యథయు, ఇంతటి ఘోరాయుధము ఇకమీద యుద్ధములనే ఆపునేమో యను ఆశయు ఆ లేఖలో ప్రక్కప్రక్కనే యున్నవి. ఆ రెంటిలో దేనికి ఎక్కువ తూకమో నిర్ణయించుట చరిత్రకే విడువదగినది.

ఆ 1945వ సంవత్సరమునకే విమానయానమున అత్యుత్తమ కృషికై ఇచ్చు కోలియర్ ట్రోఫీ ఆయనకు లభించెను. ఆ బహుమానము పొందినది బాంబునకు గాక దిగుబాటు పద్ధతికి.

పద్ధతి విలువ ప్రపంచమునకు స్పష్టముగ తెలిసినది బెర్లిన్‌లో. 1948 జూన్‌లో సోవియట్ ప్రభుత్వము పశ్చిమ బెర్లిన్‌కు దారులన్నియు మూసివేయగా, ఇరువది లక్షలకు పైబడిన ప్రజలకు తిండియు, బొగ్గును విమానములపైననే చేరవేయవలసి వచ్చెను. ఆగస్టు 13వ తేదీన దట్టమైన మబ్బులలో ఒక విమానము రన్‌వే దాటి మంటలలో చిక్కెను. వెనుక వచ్చుచున్నవి గగనమున ఒకదానిపై నొకటి గిరగిర తిరుగుచు నిలిచిపోయెను. నిర్వాహకుడైన జనరల్ టన్నర్ వానినన్నింటిని వెనుకకు మరలించి, కఠినమైన నియమము పెట్టెను. ప్రతి విమానమునకు దిగుటకు ఒకే అవకాశము. అది తప్పినచో సరకుతోనే తిరిగి పోవలెను. ఈ నియమము నడచుటకు నేలనుండి చెప్పువారి మాట నిర్దుష్టముగ నుండవలెను. అమెరికాలో పౌరోద్యోగములలో నున్న అనుభవజ్ఞులైన కంట్రోలర్లను మరల పిలిపించిరి. శీతకాలపు పొగమంచులో, కొన్ని నిముషముల కొక విమానము చొప్పున, రాడారు కంటి నీడలో దిగెను. 1949 సెప్టెంబరు నాటికి 2 లక్షల 70 వేలకు పైగా ప్రయాణములలో 23 లక్షల టన్నుల సరకు చేరినది. ప్రాణనష్టము లేకపోలేదు, నగరము మాత్రము లొంగలేదు.

ఇంతటి విజయము పొందిన పద్ధతికి ప్రయాణికుల విమానములలో ప్రథమస్థానము దక్కలేదు. అందుకు కారణము యంత్రలోపము కాదు, మనుష్యస్వభావము. నేలనుండి రేడియోకిరణములు ప్రసరింపగా విమానములోని సూదులు దారి చూపు మరియొక పద్ధతి అప్పటికే యుండెను. అందులో పైలటు తన దారిని తానే చూచుకొనును. తన చేతిలోని విమానమును, వెనుక కూర్చున్న ప్రయాణికుల ప్రాణములను నేలపై కూర్చున్న వాని మాటకు ఒప్పగించుట కంటె అదియే మేలని పైలటులలో పెక్కురు వాదించిరి. వాదములో న్యాయము లేకపోలేదు. బాధ్యత యెవనిదో వానికే అధికార ముండవలెను గదా! తుదకు అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ సూదుల పద్ధతినే ప్రమాణముగ గైకొనెను. ఆల్వరెజ్ పద్ధతి ముఖ్యముగ సైనిక విమానాశ్రయములకు పరిమితమయ్యెను.

అయినను సూదుల పద్ధతిలో ఒక లోటు కలదు. విమానము దారి తప్పినచో ఆ సంగతి నేలపై నున్నవానికి దానివలన తెలియదు. సూదిని చదువుటలో పైలటు పొరబడినచో చెప్పువా డుండడు. అందుచేత సూదులను చూచి దిగు విమానమును సయితము నేలనుండి రాడారు కనిపెట్టి చూచుట అవసరమని అనుభవము నేర్పెను. ఆల్వరెజ్ కల్పించిన కన్ను దారి చూపు పదవిని కోల్పోయినను, కావలివాని పదవిని నిలుపుకొనెను. 1970 దశాబ్దమున అమెరికాలో, విమానము ఉండదగిన ఎత్తునకు క్రిందికి జారినచో రాడారుతో కూడిన కంప్యూటరు కంట్రోలరును హెచ్చరించు ఏర్పాటు వచ్చెను. 1990 దశాబ్దమున, చేరువగా నున్న జంట రన్‌వేలపై ఒకేసారి దిగు విమానములను సెకండున కొకమారు చూచు రాడారులు వచ్చెను. రెండు దారుల నడుమ 2,000 అడుగుల వెడల్పుగల నిషిద్ధప్రదేశమును గీచి, ఏ విమానమైన దానివైపు తూలినచో వెంటనే ప్రక్కదానిని తొలగింతురు.

ఆల్వరెజ్ మాత్రము ఈ వివాదములలో చిక్కుకొని కూర్చుండలేదు. యుద్ధానంతరము బర్క్‌లీకి మరలి, ద్రవరూపమైన ఉదజనిలో బుడగల బాటలు చూచి పరమాణుకణములను గుర్తించు మహాయంత్రములను నిర్మించెను. దాని ఫలముగ 1968లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడెను. ఆ దశాబ్దముననే విశ్వకిరణముల సాయముతో ఈజిప్టులోని ఖాఫ్రే పిరమిడ్‌లో రహస్యపు గదు లున్నవేమో పరీక్షించి, చూచినంత మేర లేవని తేల్చెను. 1980లో, ఆ లేఖ అందుకొనవలసిన కుమారుడే భూగర్భశాస్త్రజ్ఞుడై ప్రక్కన నిలువగా, 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఆకాశమునుండి పడిన గండశిల వలననే రాక్షసిబల్లులు నశించెనని ప్రకటించెను. ఆయన స్వభావమున కాఠిన్యము కలదు. తన నిర్ణయములపై మితిమీరిన నమ్మకము కలవాడు. 1954లో ఓపెన్‌హైమర్‌పై జరిగిన విచారణలో ఆయన చెప్పిన సాక్ష్యమును పలువురు సహోద్యోగులు మెచ్చలేదు.

1988 సెప్టెంబరు 1వ తేదీన బర్క్‌లీలో ఆల్వరెజ్ కన్నుమూసెను.

ఆయన మరణించిన తొమ్మిదేండ్లకు, 1997 ఆగస్టు 6వ తేదీ రాత్రి, పసిఫిక్ సముద్రమందలి గ్వామ్ దీవిలో వాన కురియుచుండగా కొరియా దేశపు పెద్ద విమాన మొకటి దిగుచుండెను. వాలును చూపు కిరణము మరమ్మతు కారణమున నాడు పనిచేయుటలేదు. విమానము ఉండవలసిన ఎత్తునకు క్రిందికి జారి, రన్‌వేకు సుమారు మూడు మైళ్ళ యీవలనే కొండను తాకెను. 228 మంది మరణించిరి. పైలటు పొరపాటే ముఖ్యకారణమని విచారణలో తేలినది. తేలిన మరియొక సంగతి ఇంకను శోచనీయము. ఎత్తు తగ్గినపుడు హెచ్చరింపవలసిన కంప్యూటరు ఏర్పాటు గ్వామ్‌లో నుండెను. అనవసరపు హెచ్చరికలు ఎక్కువగ వచ్చుచున్నవని, ఆ ప్రదేశమునంతటిని దాని చూపునుండి తప్పించి యుంచిరి. అది పనిచేసి యున్నచో సుమారు ఒక నిముషము ముందుగ కంట్రోలరునకు తెలిసియుండెడిది.

ఆల్వరెజ్ పద్ధతిలో నేటికిని ఒక చిన్న నియమము కలదు. తుది ఘట్టమున కంట్రోలరు ఎడతెగక మాటాడవలెను. పైలటు బదులు పలుకనక్కరలేదు. 5 సెకండ్లపాటు మాట వినబడనిచో పైలటు ఆలోచింపక విమానమును పైకెత్తి తొలగిపోవలెను. అచ్చట మౌనమే అపాయమునకు గుర్తు. తానే చూచునట్టి యంత్రపు ఏర్పాటులలో మౌనము క్షేమమునకు గుర్తుగా తోచును. కావలివాడు నిదురించుచున్నాడో, ఆపద లేకనే ఊరకున్నాడో వినువానికి తెలియదు. గ్వామ్‌లో జరిగిన దిదియే.

మంచుతుఫానులో క్వాన్‌సెట్ పాయింటున ఒక పైలటును కాపాడినది రాడారు తరంగములు మాత్రమే కాదు. ఆ తెరముందు మేలుకొని, చూచినదానిని చూచినట్లు చెప్పుచుండిన మనుష్యుడును తోడయ్యెను. యంత్రము లెంత సూక్ష్మములైనను ఆ మెలకువను అవి తమంతట తాము కల్పింపజాలవు. మబ్బులలోనుండి సుఖముగ దిగి, ఇండ్లకు పోవు తొందరలో నుండు ప్రయాణికులకు ఆల్వరెజ్ పేరు తెలియకపోవచ్చును. వారు దిగిన దారిని ఎవరో ఒకరు నేలపై కన్నార్పక చూచుచుండిన చాలును. ఆయన ఋణము తీరినట్లే.